కెంపుగొంతు పిట్టా, సముద్ర దోసకాయా

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టటం అని మనలో ఒక సామెత ఉన్నది. ఈ నెల నేను చెప్పబోయేది మొదట అలాగే అగుపించవచ్చు. ఒక ప్రాణి గాలిలో తిరిగే పిట్ట. దాని బరువు ఏడెనిమిది వేరుసెనగ గింజలంత. రెండవ ప్రాణి సముద్రం అడుగున ఇసుకలో పొర్లాడే ఒక ముద్ద. దానికి కళ్ళు లేవు, ముక్కు లేదు, ఎముకలు లేవు, మెదడు లేదు. మన గుండెలాంటి గుండె కూడా లేదు. ఈ రెండింటినీ పోల్చటమా అని నవ్వకండి, పిల్లలూ. ముందు పరిచయం కానివ్వండి.

పిట్ట పేరు కెంపుగొంతు హమ్మింగ్ పిట్ట. తుమ్మెద రొదలాంటి చప్పుడును ఇంగ్లీషులో హమ్ అంటారు. ఇది ఎగిరేటప్పుడు రెక్కలు అలా రొద చేస్తాయి గనుక ఆ పేరు వచ్చింది. మగపిట్ట గొంతు మీద వెలుతురు సరిగా పడితే కెంపురాయిలాగా ధగధగలాడుతుంది. తల కాస్త తిప్పిందంటే అదే గొంతు నల్లగా కనిపిస్తుంది. సబ్బుబుడగ మీద రంగులు ఎలా పుడతాయో ఇదీ అలాగే. ఈకల నిర్మాణం వెలుతురుతో ఆడే ఆట తప్ప, అక్కడ ఎర్రరంగు పూసి లేదు.

రెండవదాన్ని సముద్ర దోసకాయ అంటారు. దోసకాయ అనగానే మనం పప్పులో వేసుకునే గుండ్రటి పచ్చదోసకాయను తలుచుకోకండి. ఆ పేరు పెట్టిన ఇంగ్లీషువారి దోసకాయ పొడుగుది, మన కీరదోసలాంటిది. తమిళదేశపు బెస్తవారు దీన్ని 'కడల్ అట్టై' అంటారు. అంటే సముద్రపు జలగ. నన్నడిగితే వాళ్ళ పేరే ఎక్కువ నప్పింది. ఇందులో జాతులు చాలా ఉన్నాయి. మనం చెప్పుకునేది శాస్త్రజ్ఞులు హోలోథూరియా స్కాబ్రా అని పిలిచే జాతి. తమిళనాడు తీరాన మన్నారు సింధుశాఖలోనూ, పాక్ అఖాతంలోనూ లోతులేని నీళ్ళలో, సముద్రపు గడ్డి మొలిచే బురద ఇసుకలో ఉంటుంది. జానెడు పొడవు ఉండటం మామూలు, అంతకు మించీ పెరుగుతుంది.

మా ముదిగుబ్బ పిల్లలు ఈ రెండింటిలో దేన్నీ చూసి ఉండరు. ఇక్కడి నుంచి తూర్పుగా తిన్నగా గీత గీస్తే సముద్రం 200 కిలోమీటర్ల పైమాటే. హమ్మింగ్ పిట్టలు అమెరికా ఖండాలలో తప్ప మరెక్కడా లేవు. "మా పెరట్లో మందారపూల దగ్గర తిరిగేది అదే కదా సార్!" అని బడిపిల్లలు చాలామంది అంటూ ఉండేవాళ్ళు. అది తేనెపిట్ట. సొగసులో ఏమీ తీసిపోదు. సాలెపట్టుతో సంచీలాంటి గూడు అల్లి కొమ్మకు వేలాడదీస్తుంది. కాని జాగ్రత్తగా గమనించండి. తేనెపిట్ట సాధారణంగా పూవు పక్కన కొమ్మమీద కాలూని తేనె తాగుతుంది. హమ్మింగ్ పిట్ట కాలు ఆనించదు. గాలిలోనే నిలబడి తాగుతుంది, పని కాగానే వెనక్కు కూడా ఎగురుతుంది.

మరొక వింత చెబుతాను. తేనెపిట్టకూ హమ్మింగ్ పిట్టకూ దగ్గర చుట్టరికమే లేదు. తేనెపిట్ట పిచ్చుక, కాకి ఉన్న పెద్ద కుటుంబంలోది. హమ్మింగ్ పిట్టకు దగ్గర చుట్టాలెవరో తెలుసా? సాయంత్రంపూట పాత గుళ్ళ గోపురాల చుట్టూ కీచుకీచుమంటూ కొడవలి రెక్కలతో గిరగిరా తిరిగే నల్లపిట్టలు! ఆ పిట్టలు నేలమీద నడవలేవు. హమ్మింగ్ పిట్ట కాళ్ళూ అంతే, కొమ్మ పట్టుకునేందుకు తప్ప నడకకు పనికిరావు. పూలలో తేనె తాగి బతికే పనికి దిగటంవల్ల వేరువేరు వంశాల పిట్టలకు ఒకేలాంటి సన్నని పొడుగు ముక్కు ఏర్పడింది.

ఇక పోలిక సంగతి. బడిలో పోలికలు వ్రాయమంటే పిల్లలు పుటకు నడుమ గీత గీసి, 'దీనికి రెక్కలు ఉన్నాయి, దానికి లేవు. దీనికి ముక్కు ఉన్నది, దానికి లేదు' అని రెండువైపులా నింపేస్తారు. అలాంటి పట్టికలు వేలకొద్దీ దిద్దాను. మార్కులు వేశాను గాని, అందులో తెలిసేది తక్కువ. అంతకన్నా రెండు ప్రాణులనూ ఒకే ప్రశ్న అడగటం మేలు. మా కరువు సీమలో ప్రతి ఇంట్లోనూ అడిగే ప్రశ్నే అది. 'నీ రాబడి ఎంత? ఖర్చు ఎంత?'

ముందు పిట్టను అడుగుదాం.

మీ ఎడమచేతి మణికట్టు మీద కుడిచేతి వేళ్ళు ఆనించి నాడి లెక్కపెట్టండి. కూర్చుని ఉంటే నిమిషానికి ఎనభై, తొంభై దాకా వస్తుంది. హమ్మింగ్ పిట్ట ఎగురుతూ ఉంటే దాని గుండె నిమిషానికి 1,200 సార్లు కొట్టుకోగలదు. అంటే సెకనుకు ఇరవై! మీ నోటితో 'టక్' అని సెకనులో ఎన్నిసార్లు అనగలరో ప్రయత్నించి చూడండి. రెక్కలైతే ఇంకా వేగం. సెకనుకు సుమారు 50 సార్లు ఆడతాయి. అందుకే మన కంటికి రెక్క కనిపించదు, మసకగా ఏదో కదులుతున్నట్టు ఉంటుంది.

ఇంత కండ ఆడించాలంటే ఎంత ఖర్చు! అది చాలనట్టు వేడి ఖర్చు మరొకటి. పక్షులు మనలాగే తమ ఒంటిని తామే వెచ్చగా ఉంచుకోవాలి. పగలు దీని ఒంటి వేడి 40 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. చిన్న ఒంటిని వెచ్చగా ఉంచటం కష్టం. మీ అమ్మనడిగి కాచిన పాలు తపేలాలో కొన్ని, ఉగ్గుగిన్నెలో కొన్ని పోయించండి. ఉగ్గుగిన్నెలో పాలు ఎంత త్వరగా చల్లారతాయో చూస్తారు. మూడు గ్రాముల పిట్ట ఉగ్గుగిన్నె కన్నా చిన్నది. దాని వేడి ఎప్పుడూ కారిపోతూనే ఉంటుంది.

రాబడి పూలతేనె. రోజుకు తన బరువుకు మించినంత తేనె తాగగలదు. తాగిన చక్కెరను నిలవ ఉంచుకునే తీరిక కూడా లేదు. అరగంట, ముప్పావుగంటలోపల ఆ చక్కెరే రెక్కలకు ఇంధనమైపోతుంది. కండబలానికి చిన్న చిన్న పురుగులనూ, సాలెపురుగులనూ పట్టి తింటుంది. అమెరికా తూర్పు రాష్ట్రాలలో స్థిరపడిన మన తెలుగువాళ్ళలో కొందరు వేసవిలో పెరట్లో ఎర్రని సీసా ఒకటి వేలాడదీస్తారు. ఒక పాలు చక్కెర, నాలుగు పాళ్ళు నీళ్ళు కలిపి అందులో పోస్తారు. కెంపుగొంతు పిట్టలు వచ్చి తాగుతాయి. నీళ్ళకు రంగు కలపగూడదు, సీసా ఎర్రగా ఉంటే చాలు.

శీతకాలం రాబోయేముందు ఈ పిట్టలు మధ్య అమెరికా వైపు వలసపోతాయి. దారిలో మెక్సికో సింధుశాఖ అడ్డం. చుట్టూ తిరిగి పోయేవి కొన్ని, ఆ సముద్రాన్ని ఏకబిగిన దాటేవి చాలా. నడుమ సుమారు 800 కిలోమీటర్లు నీళ్ళే. ముదిగుబ్బ నుంచి బొంబాయి దాకా తిన్నగా ఎగిరితే ఎంతో ఇంచుమించు అంత దూరం! మధ్యలో పూవు లేదు, వాలటానికి కొమ్మ లేదు. అందుకని బయలుదేరేముందు బాగా తిని, మూడు గ్రాముల పిట్ట ఇంచుమించు ఆరు గ్రాములవుతుంది. పెరిగినదంతా కొవ్వే, దారిబత్తెమన్నమాట.

మరి రోజూ రాత్రి సంగతేమిటని మీరు అడగాలి. చీకట్లో పూలు వెతకలేదు. పగటి చక్కెర పగలే ఖర్చయింది. పన్నెండు గంటలు ఆకలితో ఆ ఉగ్గుగిన్నెను వెచ్చగా ఉంచటమెలా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు సముద్రంలోకి దిగుదాం. రెండవ ప్రాణిని చూశాక ఆ జవాబు మీకే తడుతుంది.

సముద్ర దోసకాయ ఒంటిని వెచ్చబెట్టుకోదు. సముద్రం ఎంత వేడిగా ఉంటే అదీ అంతే. అక్కడికి సగం ఖర్చు తప్పింది. పరుగు లేదు. ఒంటి కిందివైపు మెత్తటి గొట్టాలలాంటి బుల్లిపాదాలు వరుసగా ఉంటాయి. వాటిలోకి నీటిని తోస్తూ, తీస్తూ మెల్లిగా జరుగుతుంది. రోజంతా జరిగినా కొద్ది మీటర్లే. కొంతసేపు ఇసుకలో పూడుకుని కూర్చుంటుంది.

దాని తిండి ఇసుక. అవును, ఇసుకే! నోటిచుట్టూ ఉన్న మీసాలవంటి తంతువులతో ఇసుకను నోట్లోకి తోసుకుంటుంది. ఇసుక రేణువులకు పట్టుకున్న సూక్ష్మజీవులనూ, కుళ్ళిన గడ్డినీ అరిగించుకుని, మిగతా ఇసుకను వెనకనుంచి దారంలాగా వదిలిపెడుతుంది. మన పొలంలో వానపాము మట్టితో చేసే పనే ఇది సముద్రంలో చేస్తున్నది. ఇది ఊపిరి తీసే తీరు వింటే మీరు నవ్వుతారు. మలద్వారం గుండా నీటిని లోపలికి పీల్చి, లోపల చెట్టుకొమ్మల్లా ఉన్న గొట్టాలలో ఆ నీటినుంచి ప్రాణవాయువు తీసుకుని, మళ్ళీ అదే దారిన నీటిని వదులుతుంది. నవ్వటం అయిందా? ఒక ముక్కుకు, ఒక జత ఊపిరితిత్తులకు అయ్యే ఖర్చు ఆదా చేసుకున్నదని కూడా గమనించండి.

తిండి చాలకపోతే ఏం చేస్తుంది? వెతుక్కుంటూ సముద్రం దాటదు. ఒళ్ళే చిన్నబుచ్చుకుంటుంది. తిండి తక్కువైన చోట ఇవి నిజంగానే కుంచించుకుపోయి బరువు తగ్గుతాయి, మళ్ళీ మంచి రోజులు వస్తే పెరుగుతాయి. వానలు పడని ఏడు మా ఊళ్ళలో ఇంటి ఖర్చు కుదించుకున్నట్టే!

ఇప్పుడు పిట్ట రాత్రి సంగతి చూడండి. చీకటి పడగానే అది ఒక కొమ్మ పట్టుకుని కూర్చుంటుంది. ఒంట్లో కొవ్వు బాగా తక్కువైన రాత్రి ఒక విచిత్రం చేస్తుంది. పొయ్యి ఆర్పేస్తుంది! గుండె నిమిషానికి యాభై సార్ల దాకా దిగిపోతుంది. ఒళ్ళు చల్లబడుతూ చుట్టూ ఉన్న గాలి వేడికి దగ్గరవుతుంది. ముట్టుకున్నా కదలదు. చూసినవాళ్ళు చచ్చిందనుకుంటారు. అంటే పగలు ప్రపంచంలోకెల్లా దుబారా ప్రాణి, రాత్రి సముద్ర దోసకాయలాగా బతుకుతున్నదన్నమాట! తెల్లవారుతుండగా కండరాలను వణికించుకుంటూ మెల్లగా వేడెక్కి, రెక్కలు విదిల్చి పూల దగ్గరికి పోతుంది.

ఈ మొద్దునిద్ర ఎంత లోతుగా ఉండగలదో తెలిసింది ఈమధ్యనే. దక్షిణ అమెరికాలో పెరూ దేశపు ఆండీస్ కొండలమీద ఉండే వేరే హమ్మింగ్ పిట్ట జాతి ఒకటి రాత్రి తన ఒంటి వేడిని మూడు డిగ్రీల పైచిలుకు దాకా దించుకోవటం శాస్త్రజ్ఞులు కొలిచి 2020లో ప్రకటించారు. నీరు గడ్డకట్టటానికి మూడు డిగ్రీలే దూరం! కెంపుగొంతు పిట్టల మీద కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంవారు చేసిన పరిశీలన 2021లో వెలువడింది. మామూలు రోజుల్లో కొవ్వు ఒక హద్దుకు పడిపోతేనే ఈ పిట్టలు పొయ్యి ఆర్పుతాయి. వలస కాలంలో అయితే కొవ్వు పుష్కలంగా ఉన్నా ఆర్పేస్తాయి. దారిబత్తెం దాచుకోవటానికి! మూడు గ్రాముల పిట్టకు ఇంత పద్దు లెక్క ఎవరు నేర్పారోగాని, చదివినప్పుడు ఆశ్చర్యంతో ఆ పుట రెండుసార్లు చదువుకున్నాను.

దుబారా పిట్టలో పిసినారి ఉన్నట్టే, పిసినారి దోసకాయలో కూడా ఒక దుబారా మనిషి దాగి ఉన్నాడు. సముద్ర దోసకాయ చర్మం తలచుకుంటే కర్రలాగా బిగుసుకుంటుంది, తలచుకుంటే జావలా మెత్తబడుతుంది. ప్రమాదం మరీ ముంచుకొస్తే తన పేగులన్నిటినీ బయటికి కక్కేస్తుంది! ఉన్న ఆస్తి అంతా ఒక్కసారిగా గుమ్మంలో పారబోసినట్టు. మనకైతే అది చావే. దీనికి కొన్ని వారాలలో కొత్త పేగు మొలుస్తుంది. పోయిన అవయవాలు తిరిగి ఎలా పుట్టుకొస్తాయో తెలుసుకోవటానికి శాస్త్రజ్ఞులు వీటిని ఇప్పటికీ పరిశీలిస్తున్నారు.

ఇన్ని ఉపాయాలున్నా ఈ రెండు ప్రాణులకూ ఒకే శత్రువు దగ్గర ఉపాయం పారలేదు. ఆ శత్రువు మనిషి.

పందొమ్మిదో శతాబ్దంలో యూరపులోనూ అమెరికాలోనూ దొరసానుల టోపీలకు పక్షుల ఈకలు, తోళ్ళు తగిలించటం గొప్ప మోజు. హమ్మింగ్ పిట్టల తోళ్ళు పెట్టెలకొద్దీ లండను వేలంపాటలకు వచ్చేవి. 1918లో అమెరికాలో వలసపక్షుల రక్షణచట్టం వచ్చింది. కెంపుగొంతు పిట్టను చంపటం, పట్టటం నేరమైంది. ఆ మోజు పోయింది, పిట్ట మిగిలింది.

సముద్ర దోసకాయ కథ అంత త్వరగా తెమలలేదు. చీనా దేశంలో ఇది ఖరీదైన వంటకం, బలానికి మందు అని కూడా నమ్మకం. అందుకని మన్నారు తీరంలో చాలాకాలంగా వీటిని ఏరి, ఉడకబెట్టి, ఇసుకలో పాతి పైపొర కుళ్ళబెట్టి తోమి, ఎండబెట్టి ఓడలకెక్కించేవాళ్ళు. చేప అయితే పారిపోతుంది. పీత కరుస్తుంది. ఇది ఏమీ చెయ్యదు. చేప దగ్గరా పీత దగ్గరా పనికొచ్చిన ఎత్తు, చేతితో ఏరి గోనెసంచిలో వేసుకునేవాడి దగ్గర ఎందుకు పనికొస్తుంది?

అన్నీ ఏరకుండా కొన్ని వదిలితే మళ్ళీ పెరగవా అని మీకు తోచవచ్చు. ఇక్కడొక చిక్కు ఉన్నది. కెంపుగొంతు పిట్ట సాలెపట్టుతో బుల్లిగూడు కట్టి రెండే గుడ్లు పెట్టి, పొదిగి సాకుతుంది. సముద్ర దోసకాయకు గూడు లేదు, పొదగటం లేదు. ఆడవి గుడ్లను లక్షలకొద్దీ నీటిలో వదిలేస్తాయి, మగవి బీజాన్ని నీటిలో వదులుతాయి. ఆ రెండూ నీటిలో కలిస్తేనే పిల్ల. ఆడదీ మగదీ దగ్గర దగ్గరగా ఉంటేనే అవి కలుస్తాయి. ఏరగా ఏరగా మిగిలినవి దూరదూరంగా ఉంటే, లక్షల గుడ్లు వదిలినా అన్నీ వృథా. అందుచేత 'కొన్ని మిగిలాయిగా' అనే లెక్క ఈ ప్రాణి విషయంలో తప్పిపోతుంది.

2001లో మన ప్రభుత్వం సముద్ర దోసకాయలను 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టం కిందకు తెచ్చి, పట్టటం, అమ్మటం నిషేధించింది. 2013లో ఈ హోలోథూరియా స్కాబ్రాను అంతర్జాతీయ ప్రకృతి రక్షణ సంఘంవారు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. 2020లో లక్షదీవుల్లో వీటికోసమే ఒక రక్షిత ప్రాంతం ఏర్పాటయింది. అయినా దొంగచాటుగా పట్టటం ఆగలేదు.

ఇందులో బెస్తవారి మాట కూడా వినాలి. తరతరాలుగా ఏరుకుని బతికిన పని ఒక్క కాగితంతో ఆగిపోయింది. పాక్ అఖాతానికి అవతలి ఒడ్డున సింహళంలో మాత్రం అనుమతి తీసుకుని పట్టనూ వచ్చు, కంచెలు కట్టి పెంచనూ వచ్చు. ఇవతలివాళ్ళకు అది అన్యాయంగా తోచటంలో వింత లేదు. నిషేధం సడలించమని వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. నాకు తోచేదేమిటంటే, ఏరుకోవటానికీ పెంచుకోవటానికీ తేడా ఉన్నది. మనదేశంలోనే 1988లో తూత్తుకుడిలో, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థలో డాక్టర్ డి.బి. జేమ్స్, ఆయన తోటివారు ఈ జాతి గుడ్లను తొట్లలో పొదిగించి పిల్లలను పెంచగలిగారు. దారి ఒకటి అప్పుడే కనిపించింది. ఆ దారిన బెస్తవారిని ఎంతవరకు నడిపించామన్నది పెద్దలు జవాబు చెప్పవలసిన ప్రశ్న.

ఇవి లేకుండా పోతే సముద్రానికి వచ్చే నష్టమేమిటని కొందరు అడుగుతారు. ఫిజీ దీవుల దగ్గర ఈ జాతినే తీసివేసి చూశారు. తీసివేసిన చోట ప్రాణవాయువు ఇసుకలోకి మునుపటంత లోతుకు దిగలేదు. దున్నేవాడు లేని చేను ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఆ ఇసుకలోనే సముద్రపు గడ్డి వేళ్ళూనాలి. ఆ గడ్డిలోనే రొయ్యపిల్లలూ చేపపిల్లలూ తలదాచుకుంటాయి. పాక్ అఖాతంలో మిగిలిన కొద్దిపాటి సముద్రపు ఆవులు మేసేదీ ఆ గడ్డే.

తూత్తుకుడి తొట్లలో పొదిగిన పిల్లల సంగతి ఒకటి చెప్పటం మరిచాను. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల మొదట సముద్ర దోసకాయలాగా ఉండనే ఉండదు. గాజులా పారదర్శకంగా, కంటికి ఆనీ ఆననంతగా ఉండి, ఒంటిమీది సన్నని నూగు ఆడిస్తూ సుమారు రెండు వారాలు నీటిలో ఈదుతుంది. సముద్రంలోనైతే తరవాత ఒక గడ్డిపరకను వెతుక్కుని దానిమీద వాలుతుంది. పెద్దయ్యాక కొద్ది మీటర్లు జరగటానికి రోజంతా తీసుకునే ప్రాణి, తన బతుకులో ఈదేది ఆ రెండు వారాలే.